ఆల్చిప్పలను లెక్కపెడదాం, మన నీళ్లను కాపాడుకుందాం!

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల రైతులకు, పట్టుపురుగులు పెంచేవారికి, చెరువుల్లో చేపలు పట్టేవారికి, పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు, విద్యార్థులకు, ఉపాధ్యాయులకు విజ్ఞప్తి



మన చెరువు నీళ్లు బాగున్నాయా, లేవా? మన వంకలో, మన ఏటిలో పారేది మంచి నీరేనా? ఈ ప్రశ్నకు రుజువుతో జవాబు చెప్పగలిగినవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారు? నీళ్లు రంగు మారితే చూస్తాం. కంపు కొడితే ముక్కు మూసుకుంటాం. చేపలు చచ్చి తేలితే కట్ట మీద గుమిగూడతాం. ఎవరో ఫోన్ చేస్తారు, రెండు రోజులకు ఎవరో వచ్చి సీసాలో నీళ్లు పట్టుకుపోతారు. ఆలోగా విషం పల్లానికి జారిపోతుంది. పరీక్షలో ఏమీ తేలదు. మళ్లీ ఎవరి పనిలో వాళ్లం పడిపోతాం.

రంగూ వాసనా లేకుండా కలిసే విషాన్ని వారాల తరబడి, నెలల తరబడి తన ఒంట్లో పట్టి ఉంచే జీవి మన చెరువుల అడుగునే ఉంది. అది ఆల్చిప్ప. సముద్రతీరాల్లో కాలుష్యాన్ని కనిపెట్టడానికి ప్రపంచ దేశాలు యాభై ఏళ్లుగా ఆల్చిప్పలనే నమ్ముకున్నాయి. ఆ పనిని మన చెరువుల్లో, మన చేతులతో మొదలుపెడదాం రమ్మని పిలవడానికే ఈ కరపత్రం.

ఆల్చిప్ప చేసే పని ఏమిటి?

మాగాయకు మామిడికాయల చెక్కు తీయడానికి ఇళ్లలో వాడిన ఆల్చిప్పను పెద్దవాళ్లంతా ఎరుగుదురు. అది చనిపోయిన ప్రాణి వదిలిపోయిన పెంకు. బతికి ఉన్నప్పుడు ఆల్చిప్ప చెరువు అడుగున బురదలో సగం కూరుకుని, రెండు చిప్పలనూ సన్నగా తెరిచి ఉంచుతుంది. ఒక దారిన నీళ్లు లోపలికి లాక్కుంటుంది. మొప్పల మీద ఉండే సన్నని నూగు ఆ నీటిలోని నాచును, నలుసులను వడగడుతుంది. తినగలిగింది తిని, నీళ్లను ఇంకో దారిన బయటికి వదిలేస్తుంది. రాత్రీ పగలూ ఇదే పని. ఎదిగిన ఆల్చిప్ప ఒక్క రోజులో పదుల లీటర్ల నీళ్లు వడగట్టగలదు.

ఆ నీటిలో సీసం ఉంటే, కాడ్మియం ఉంటే, క్రోమియం, రాగి, పాదరసం, పురుగుమందుల అవశేషాలు ఉంటే, అవి కూడా దాని మొప్పల్లోకి, మన కాలేయంలాంటి పని చేసే జీర్ణగ్రంథిలోకి చేరతాయి. కొన్ని లోహాలు చుట్టూ ఉన్న నీటిలో కంటే దాని మాంసంలో వేల రెట్లు ఎక్కువగా పోగుపడతాయి. అందుకే నీటిలో వెతికితే పరికరానికి సైతం చిక్కనంత కొద్దిపాటి విషం ఆల్చిప్ప మాంసంలో స్పష్టంగా కొలతకు దొరుకుతుంది.

దానికి ఇంకో గొప్ప గుణం ఉంది. అది ఉన్నచోటు వదిలి దూరం పోదు. చేప ఎక్కడో మేసి ఎక్కడో దొరుకుతుంది. ఆల్చిప్ప తన కండపాదంతో బురదలో కొద్ది దూరం పాకుతుంది, అంతే. దాని ఒంట్లో ఏది దొరికినా అది అక్కడి నీటి వల్ల, అక్కడి బురద వల్ల చేరిందే. పైగా ఏళ్ల తరబడి బతుకుతుంది. సీసాలో పట్టిన నీళ్లు ఆ పూట సంగతి మాత్రమే చెబుతాయి. ఆల్చిప్ప మాంసం గడిచిన ఎన్నో వారాల సంగతి చెబుతుంది. అర్ధరాత్రి ఎవరూ చూడకుండా వదిలిన మురుగు తెల్లారేసరికి పారిపోవచ్చు, దాని ఆనవాలు మాత్రం ఆల్చిప్పలో మిగిలి ఉంటుంది.

పట్టు రైతులకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. పక్కచేనిలో మందు కొట్టినప్పుడు గాలికి నాలుగు తుంపరలు మల్బరీ మీద పడితే ఏమవుతుందో మీకు తెలుసు. ఆకు చూడటానికి పచ్చగానే ఉంటుంది, మన కంటికి ఏ తేడా కనబడదు. ఆ ఆకు వేశాక నాలుగో జ్వరం (పొర విడిచే నిద్ర) దాటిన పురుగు సైతం మేత మానేసి, పసరు కక్కి, మెలికలు తిరిగి పడిపోతుంది. ఆకులో విషం ఉందని మీకు చెప్పింది ఏ యంత్రమూ కాదు, ఆ పురుగే. చెరువు నీళ్ల విషయంలో ఆల్చిప్ప చేసేదీ అదే పని. తేడా ఒక్కటే. పట్టుపురుగును రోజూ చూసుకుంటాం, ఆల్చిప్ప వైపు ఎవరమూ చూడటం లేదు.

దేశదేశాలు దీన్ని ఎప్పుడో నమ్మాయి

1975లో అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ఒక ప్రతిపాదన చేశాడు. ప్రపంచ తీరాలన్నిటా ఆల్చిప్పలు సేకరించి, ఒకే పద్ధతిలో పరీక్షిస్తే సముద్రంలో ఎక్కడ ఏ విషం పెరుగుతోందో తెలుస్తుందన్నాడు. దానికి "మస్సెల్ వాచ్" అని పేరు. 1986 నుంచి అమెరికా ప్రభుత్వం తన తీరమంతటా ఈ పని చేయిస్తోంది. డీడీటీని నిషేధించాక తీరజలాల్లో అది ఏళ్ల మీద ఎలా తగ్గుతూ వచ్చిందో ఆల్చిప్పల మాంసమే రుజువు చేసింది. ఒక నిషేధం పని చేసిందా, చేయలేదా అని తేల్చడానికి ఇంతకంటే గట్టి ఆధారం ఏం కావాలి?

ఫ్రాన్సులో ఆర్కషాన్ అఖాతం ఉంది. అక్కడి వారి బతుకు ఆల్చిప్పల పెంపకమే. 1970ల చివర్లో ఆ ఆల్చిప్పల చిప్పలు వికారంగా మందమెక్కసాగాయి, పిల్లలు నిలవడం మానేశాయి. పడవల అడుగుకు నాచు పట్టకుండా పూసే రంగులోని తగరపు విషం, ట్రైబ్యుటైల్ టిన్, దీనికి కారణమని తేలింది. 1982లో ఫ్రాన్స్ చిన్న పడవలకు ఆ రంగు వేయడాన్ని కట్టడి చేసింది. తర్వాత 2008 నాటికి ప్రపంచవ్యాప్తంగా ఓడలకు దాన్ని పూయకూడదనే ఒప్పందం అమలులోకి వచ్చింది. ఒక అఖాతంలోని ఆల్చిప్పలను గమనించిన వాళ్లు లేకపోతే ఆ విషం ఇంకా ఎన్నేళ్లు సాగేదో!

పోలండు రాజధాని వార్సాలో తాగునీరు చాలావరకు విస్తులా నది నుంచి వస్తుంది. నీళ్లు తోడే చోట ఎనిమిది ఆల్చిప్పలను కాపలా పెట్టారు. వాటి చిప్పలకు సెన్సర్లు అమర్చి, తెరుచుకుంటున్నాయా, మూసుకుంటున్నాయా అని కంప్యూటరు చూస్తూ ఉంటుంది. నీటిలో హాని చేసేది కలిస్తే ఆల్చిప్పలు గభాలున మూసుకుంటాయి. అవి ఒకేసారి మూసుకుంటే హెచ్చరిక మోగుతుంది, ఊరికి నీటి సరఫరా ఆగిపోతుంది. మూడు నెలలు పని చేసిన ఆల్చిప్పలను మళ్లీ చెరువులో వదిలి, కొత్తవి పెడతారు. అంత పెద్ద నగరం తన తాగునీటిని ఈ ప్రాణులకు అప్పగించింది.

ప్రజలు ఎంత మొత్తుకున్నా పాలకులు చెవిన పెట్టని చోట ఏం జరిగిందో కూడా తెలుసుకోవాలి. జపాన్‌లో మినమాత అనే ఊళ్లో రసాయన ఫ్యాక్టరీ వదిలిన పాదరసం సముద్రంలోని చేపల్లో, గుల్లల్లో చేరింది. వాటిని తిన్న జనానికి కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పాయి, చూపు పోయింది, కడుపులోని బిడ్డలకూ ఆ విషం సోకింది. ఆ జబ్బును అధికారికంగా గుర్తించింది 1956లో. కారణం ఫ్యాక్టరీ పాదరసమేనని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. ఆ పన్నెండేళ్లూ విషం పారుతూనే ఉంది.

ఈ విద్య మనకు పరాయిది అనుకోవద్దు. మన తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర పరిశోధకులు దశాబ్దాల కిందటే మంచినీటి ఆల్చిప్పల మీద లోతుగా పని చేశారు. పురుగుమందుల దెబ్బను తట్టుకోవడానికి ఆల్చిప్ప ఒంట్లో జీవక్రియ ఎలా దారి మళ్లుతుందో కె.ఎస్. స్వామి, ఆయన సహచరులు 1983లో ప్రచురించిన పరిశోధనలో వివరించారు. విద్య మన గడపలోనే ఉంది. దాన్ని ప్రయోగశాల నుంచి చెరువు కట్ట మీదికి తెచ్చుకోవడమే మిగిలింది.

సముద్రం మనకు దూరం, మన మురుగు సముద్రానికి దూరం కాదు

"మనది కొండ ప్రాంతం, సముద్రం గొడవ మనకెందుకు?" అని కొందరు అడగవచ్చు. మన నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి.

మదనపల్లె మీదుగా పారే బాహుదా, పింఛాతో కలిసి చెయ్యేరు అవుతుంది. చెయ్యేరు పెన్నలో కలుస్తుంది. పెన్న నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతం చేరుతుంది. అక్కడి మొగలో వల వేసే జాలరి, రొయ్యల చెరువు తవ్వుకున్న రైతు మనకు తెలియని మనుషులే అయినా, మనం వదిలిన నీటి పల్లంలోనే బతుకుతున్నారు.

కుప్పం వైపు చూడండి. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టిన పాలారు మన కుప్పం ప్రాంతంలో సుమారు 33 కిలోమీటర్లు నడిచి తమిళనాడులోకి దిగుతుంది. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట దాటి వయలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. సరిహద్దు దాటిన ఆ పాలారు ఏమైందో దేశమంతటికీ తెలుసు. తోళ్ల ఫ్యాక్టరీలు వదిలిన నీళ్లు ఏటినీ బావులనూ చెరిచాయి. 1991లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పింది. తోళ్ల పరిశ్రమలున్న ఆ ప్రాంతంలో దాదాపు 35 వేల హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో పంటకు పనికిరాకుండా పోయిందన్న సర్వే సంగతి ఆ తీర్పులోనే ఉంది. పాడు చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన దేశ చట్టంలో భాగమేనని కోర్టు తేల్చింది కూడా ఆ తీర్పులోనే. అయినా పాలారు బాగుపడలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ అదే నది గురించి, అదే తోళ్ల ఫ్యాక్టరీల గురించి తీర్పు ఇవ్వాల్సి వచ్చింది.

చెడిన భూమిని కోర్టు తీర్పు వెంటనే బాగు చేయలేదు. చెడకముందే కనిపెట్టడం మన చేతిలో ఉంది. పాలారు ఒడ్డున మనం ఎగువన ఉన్నాం. ఎగువన ఉన్నవాళ్లకు బాధ్యత ఎక్కువ.

మన నీళ్లలో కలిసే వాటి సంగతి మనకు తెలియనిదా?

మదనపల్లె అంటే టమోటా. ఆ పంట మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. పంట నిలవాలంటే మందు కొట్టక తప్పదని రైతు అంటాడు, ఆ కష్టం మాకు తెలుసు. కొట్టిన తర్వాత స్ప్రేయరును కాలువలో కడుగుతున్నాం, ఖాళీ డబ్బాను వంకలోకి విసురుతున్నాం. తొలి వానకు అదంతా చెరువు చేరుతోంది. ఈ భాగం మాత్రం పంట కోసం తప్పనిది కాదు.

నీరుగట్టువారిపల్లెలో పట్టు మగ్గాలున్నాయి, మగ్గాలకు రంగుల అద్దకం కావాలి. అద్దకం తొట్టి నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? కుప్పం గ్రానైటుకు ఎంతో పేరుంది. రాయి కోసిన బురద నీరు వంకలో పడితే ఆ సన్నని పొడి ఆల్చిప్పల మొప్పలను పూడ్చేస్తుంది. పట్టణాల మురుగు ఏ శుద్ధీ లేకుండా బాహుదాలోనో, దగ్గరి చెరువులోనో కలిస్తే ఆ మలినమంతా పల్లంలో ఉన్నవాళ్ల నెత్తిన పడుతుంది. వినాయక చవితికి రంగుల విగ్రహాలు నిమజ్జనం చేస్తే ఆ రంగుల్లోని లోహాలు చెరువు బురదలో దిగుతాయి.

ఇప్పుడు హంద్రీ-నీవా కాలువల వెంట శ్రీశైలం నీళ్లు వందల కిలోమీటర్లు నడిచి మన చెరువులకు వస్తున్నాయి. తరాలుగా ఎండను తిన్న ఈ నేలకు అది పండుగే. ఆ నీళ్లు ఎన్ని ఊళ్ల పక్కగా, ఎన్ని పొలాల పక్కగా వస్తున్నాయో కూడా గుర్తుంచుకుందాం. పరమసముద్రం చెరువుకు, పుంగమ్మ చెరువుకు, మదనపల్లె దాహం తీర్చే చిప్పిలి సమ్మర్ స్టోరేజి ట్యాంకుకు కాపలా ఉండాలి. పుంగనూరు ఆవు తాగేదీ, పసిబిడ్డ తాగేదీ ఆ నీళ్లే.

ఈ ఎండాకాలం మనం చేయాల్సిన పని

చెరువుల్లో నీళ్లు వెనక్కి తగ్గే కాలం దీనికి అనువైనది. పెద్ద ఖర్చు లేదు. కావలసింది నోటుపుస్తకం, స్కేలు, వెదురుతో కట్టిన మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం, ఫోన్, నలుగురు మనుషులు.

1. మూడు చోట్ల చూడండి. వంక చెరువులో చేరే చోట, తూము దగ్గర, మరవ దగ్గర. ఒక్కోచోట ఒడ్డు వెంట లోతు తక్కువగా ఉన్న పది జాగాల్లో చట్రం వేసి, లోపల ఉన్న ఆల్చిప్పలను, నత్తలను లెక్కపెట్టండి.

2. బతికినవి, చచ్చినవి వేరుగా రాయండి. బతికున్నది తాకగానే గట్టిగా మూసుకుంటుంది. చచ్చినది నోరు తెరుచుకుని ఉంటుంది. వట్టి పెంకులను వేరుగా లెక్కించండి.

3. పొడవు కొలవండి. చిన్నవీ పెద్దవీ కలిసి కనిపిస్తే అక్కడ సంతతి సాగుతోందని అర్థం. ముసలివి మాత్రమే ఉండి పిల్లలు ఒక్కటీ లేకపోతే ఏదో తప్పు జరిగింది. ఆల్చిప్ప పిల్లలు మొదట్లో చేపల మొప్పలను పట్టుకుని కొన్నాళ్లు పెరిగి, ఆ తర్వాత బురదలో దిగుతాయి. కాబట్టి చేపలకు చేటు వచ్చినా ఆల్చిప్పల సంతతి ఆగిపోతుంది.

4. తీసినదాన్ని తీసినచోటే పెట్టండి. ఇంటికి తీసుకుపోకండి, ఒక చెరువువి ఇంకో చెరువులో వేయకండి. అనుమానం ఉన్న నీటిలోని ఆల్చిప్పలను, నత్తలను వండుకోకండి. ఒంట్లో విషం పోగుచేసుకునే ప్రాణి అని ఇంతసేపూ చెప్పింది గుర్తుంచుకోండి.

5. జాగ్రత్తగా ఉండండి. పగిలిన చిప్పలు కాళ్లు కోస్తాయి, చెప్పులు వేసుకోండి. మోకాటి లోతు దాటవద్దు. పిల్లల వెంట ఈత వచ్చిన పెద్దలు ఉండాలి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

6. ఒక్కసారిగా చచ్చి పడితే ఆలస్యం చేయవద్దు. తేదీ, సమయం రాసి ఫొటోలు తీయండి. మందుల అనుమానం ఉంటే నీళ్లను శుభ్రమైన గాజు సీసాలో, లోహాల అనుమానం ఉంటే శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నిండా పట్టండి. చచ్చినవాటిని చేతితో తాకకుండా తీసి, సంచిలో కట్టి, సీసాలతోపాటు ఐసులో పెట్టండి. ఆ రోజే పంచాయతీ కార్యదర్శికి, మత్స్యశాఖకు, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేయండి. అర్జీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

కాలేజీలకు, హైస్కూళ్లకు ఒక మాట

మన ప్రాంతంలో కాలేజీలు ఎన్నో ఉన్నాయి. జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం చదివే విద్యార్థులు పుస్తకంలోని బొమ్మ చూసి పరీక్ష రాసి ఊరుకోవద్దు. అధ్యాపకుల తోడుతో, పంచాయతీ అనుమతితో ఒక ప్రయోగం చేయండి. నీళ్లు బాగున్న చోటి నుంచి ఒకే పరిమాణం గల ఆల్చిప్పలను తీసి, నైలాను వల సంచుల్లో పెట్టండి. ఒక సంచిని తీసినచోటే ఉంచండి, ఇంకో సంచిని అదే చెరువులో మురుగు కలిసే చోట దించండి. నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగండి. తర్వాత వాటిని ఒక రోజు మంచి నీటిలో ఉంచి కడుపులోని బురద ఖాళీ కానిచ్చి, మాంసంలో లోహాలు పరీక్ష చేయించండి. రెండు సంచుల మధ్య ఉన్న తేడాయే ఊరి ముందు పెట్టగల రుజువు. దీనికి విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల సాయం అడగండి. మన ప్రజల పన్నుతో నడిచే సంస్థలు అవి, అడిగే హక్కు మనకుంది.

తొందరపడి ఎవరినీ నిందించవద్దు

ఆల్చిప్పలు లేనంత మాత్రాన విషం ఉందని కాదు. మన చెరువులు ఏళ్ల తరబడి ఎండినవి. ఎండకు చచ్చినవి ఉంటాయి, బురద లోతులో దాగి వాన కోసం చూస్తున్నవి ఉంటాయి. పూడిక తీసినప్పుడు మట్టితోపాటు ట్రాక్టర్లలో పోయినవీ ఉంటాయి. అందుకే ఒక్కసారి చూసి తీర్పు చెప్పకూడదు. ఏటా అదే చోట, అదే పద్ధతిలో లెక్కపెట్టి పోల్చి చూడాలి. ఇంకో సంగతి: బోరు నీళ్లలోని ఫ్లోరైడు గురించి చెరువు ఆల్చిప్ప ఏమీ చెప్పదు. దానికి వేరే పరీక్ష ఉంది. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లకు ఇచ్చిన పరీక్షా కిట్లు బయటికి తీయండి, శిక్షణ పొందిన అక్కల చేత పరీక్ష చేయించండి.

పక్క రైతును దోషిగా నిలబెట్టడం మన ఉద్దేశం కాదు. ఆ రైతూ ఆ చెరువు కిందివాడే. రుజువు చేతిలో ఉంటే కలిసి కూర్చుని మాట్లాడుకోవచ్చు, పెద్ద కాలుష్యం వదిలేవారిని గట్టిగా అడగవచ్చు.

మనం అడగాల్సినవి

నీటిని కాపాడటానికి చట్టాలు ఇప్పటికే ఉన్నాయి. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్ వాగుల్లో, బావుల్లో విష పదార్థాలు కలపడాన్ని నిషేధించింది. 1971 నాటి క్రిమిసంహారకాల నిబంధనల్లో 44వది ఖాళీ మందు డబ్బాలను, కడిగిన నీళ్లను నీటివనరులు చెడకుండా పారవేయాలని చెబుతోంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రతి పంచాయతీలో, మున్సిపాలిటీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలంది. వీటిని పట్టుకుని ఇలా అడుగుదాం:

• మన పెద్ద చెరువుల్లో, బాహుదాలో, పాలారులో ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, నీళ్లతోపాటు ఆల్చిప్పల మాంసాన్ని కూడా పరీక్షించాలి. సీసం, కాడ్మియం, క్రోమియం, పురుగుమందుల అవశేషాలు తేల్చాలి.

• ఆ ఫలితాలను తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా పంచాయతీ నోటీసు బోర్డు మీద, వార్డు సచివాలయంలో పెట్టాలి. పెట్టకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేద్దాం. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

• ప్రతి ఊరి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో ఆ ఊరి చెరువు ఆల్చిప్పల, నత్తల వివరాలు చేర్చాలి.

• తాగునీటి చెరువుల దగ్గర వార్సాలో లాంటి ఆల్చిప్పల కాపలాను ప్రయోగంగానైనా మొదలుపెట్టాలి.

• రైతు సేవా కేంద్రాల దగ్గర, పురుగుమందుల దుకాణాల దగ్గర ఖాళీ డబ్బాలు తిరిగి తీసుకునే ఏర్పాటు ఉండాలి.

• పట్టణాల మురుగును, అద్దకం నీళ్లను, గ్రానైటు బురదను శుద్ధి చేయకుండా ఏటిలో, చెరువులో వదలకూడదు. చవితికి మట్టి విగ్రహాలే పెట్టాలి, నిమజ్జనానికి వేరే గుంటలు తవ్వాలి.

• పాలారు విషయంలో కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడు ప్రజలు కలిసి ఒకే పద్ధతిలో ఆల్చిప్పలను పరీక్షించుకునే వీలు కల్పించాలి. ఏటికి సరిహద్దు లేదు, దాని లెక్కకూ ఉండకూడదు.

కదలండి!

ఉగాది తర్వాత వచ్చే మొదటి ఆదివారం పొద్దున ఏడు గంటలకు మీ ఊరి చెరువు కట్ట మీదికి రండి. పెద్దలను పిలవండి. ఒకప్పుడు ఆల్చిప్పలు ఎక్కడ దొరికేవో, ఎప్పటి నుంచి తగ్గాయో వాళ్లకు తెలుసు. నీరుగంటిని పిలవండి, ఏ వంక నుంచి ఏ నీరు వస్తుందో అతనికి తెలుసు. చేపలు పట్టే అన్నలను పిలవండి, అడుగున ఏముందో వాళ్లకు తెలుసు. బడిపిల్లలకు లెక్కలు రాసే పని ఇవ్వండి. ఆ పూట రాసిన కాగితాన్ని ఏప్రిల్ 24న పంచాయతీరాజ్ దినోత్సవ గ్రామసభ ముందు పెట్టి, పైన చెప్పిన కోర్కెలను తీర్మానంగా రాయించండి. పట్టణంలో ఉన్నవాళ్లు తమ వార్డు కౌన్సిలరు చేత మున్సిపల్ సమావేశంలో మాట్లాడించండి. వినకపోతే సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇవ్వండి. అప్పటికీ కదలిక లేకపోతే ఊళ్లన్నీ కలిసి వెళదాం.

ఈలోగా మన వంతుగా ఈ మూడు మాటలు ఇవాళే ఇచ్చుకుందాం. స్ప్రేయరును చెరువులో, కాలువలో కడగం. మందు డబ్బాను వంకలో వేయం. బతికున్న ఆల్చిప్పను చెరువు నుంచి తీసుకుపోం.

ఈ కరపత్రం చదివి పక్కింటివారికి ఇవ్వండి. చదవలేనివారికి చదివి వినిపించండి.

చెరువు మనది, లెక్క మనది!
నీటి పరీక్షల ఫలితాలు ప్రజల ముందు పెట్టాలి!
ఎగువన మనం, దిగువన వాళ్లు, అందరికీ మంచి నీళ్లు!

ఇట్లు,
చెరువుల కింద బతికే మీ తోటివాళ్లం